చచ్చినా అద్దె తప్పలేదు!

సమాధికి అద్దె కట్టాలని ఎప్పుడైనా విన్నారా? మెక్సికోలోని గ్వానహ్వాతోలో ఒకప్పుడు అదే పద్ధతి.

రాజధాని మెక్సికో సిటీ నుంచి బస్సులో అయిదు గంటలు వెళ్తే వస్తుందీ ఊరు. కొండల మధ్య లోయలో పసుపు, గులాబీ, నీలం రంగుల ఇళ్లు బొమ్మల కొలువులా మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. కార్లేమో నేల కింద తిరుగుతుంటాయి! ఊరి మధ్యలో పారే నది మాటిమాటికీ ముంచెత్తుతోందని దాన్ని దారి మళ్లించారు. ఆ పాత నదీమార్గమే ఇప్పుడు భూగర్భ రహదారి. ఒక సందులోనైతే రెండు బాల్కనీల మధ్య దూరం మూడడుగులు కూడా ఉండదు. దాని పేరు 'ముద్దుల సందు'. ప్రేమ జంటల ఫొటోలతో అక్కడ ఎప్పుడూ సందడే.

ఈ సొగసంతా వెండి పెట్టిన భిక్ష. 18వ శతాబ్దంలో ఇక్కడి వాలెన్సియానా గని ప్రపంచంలోనే అత్యధికంగా వెండినిచ్చిన గనుల్లో ఒకటి. తవ్వింది పేదలు, మేడలు కట్టింది యజమానులు. 1810 సెప్టెంబరు 28న తిరుగుబాటుదారులు ముట్టడించేసరికి స్పెయిన్ పక్షం వాళ్లు పెద్ద ధాన్యాగారంలో దాక్కున్నారు. పీపిలా అనే గని కార్మికుడు వీపుకి రాతిపలక కట్టుకుని, తూటాల మధ్య పాక్కుంటూ వెళ్లి తలుపుకి నిప్పంటించాడని చెబుతారు. మరుసటి ఏడాది నాయకుడు హిదాల్గోతో సహా నలుగురి తలలు నరికి, ఆ భవనం నాలుగు మూలలా వేలాడదీశారు. 1821 దాకా అవి అక్కడే ఉన్నాయి!

ఇక శ్మశానం సంగతి. రుసుం కట్టలేనివాళ్ల శవాలను సమాధుల్లోంచి తీసేసేవారు. 1865లో తొలిసారి బయటికి తీసినప్పుడు చూస్తే... కుళ్లలేదు! పొడిగాలికి ఎండి మమ్మీలయ్యాయి. ఈజిప్టు మమ్మీల్లా లేపనాలేం లేవు. ఈ తంతు 1958 దాకా సాగింది. ఇప్పుడా మమ్మీలు మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. వాటిలో పసిపిల్లలూ ఉన్నారు. టిక్కెట్టు కొని చూసేవాళ్లకు కొదవ లేదు. 2024లో మరమ్మతుల సమయంలో ఒక మమ్మీ చెయ్యి ఊడిపోయిందని జాతీయ చరిత్ర సంస్థ మండిపడింది. బతికుండగా ఎవరింటి బిడ్డో కదా, చూస్తుంటే మనసు చివుక్కుమంటుంది.

ఏటా నవంబరు 1, 2 తేదీల్లో మెక్సికన్లు పోయినవాళ్ల సమాధుల్ని బంతిపూలతో ముంచెత్తుతారు. మనం గుమ్మాలకు కట్టే బంతికి పుట్టిల్లు ఆ దేశమే. ఇంటి పెద్దలు పూల వాసన పట్టుకుని దారి వెతుక్కుంటూ వస్తారని వాళ్ల నమ్మకం. అద్దాల వెనక ఉన్నవాళ్లలో చాలామందికి పేరే తెలియదు.