ఒక పనికి మూడు చీటీలు

మా ఇంట్లో చీటీలకు ఏనాడూ కరువు లేదు. పాలవాడి లెక్క కేలండరు మీద, చాకలి పద్దు పాత డైరీలో, నెల సరుకుల చీటీ కందిపప్పు డబ్బా మూత కింద, గ్యాసు వాళ్ళ నెంబరు స్విచ్చిబోర్డు పక్కన గోడ మీద. మావారు అకౌంట్సు ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకు ఈ వ్యవహారం చూస్తే ఒళ్ళు మంట. "ఈ ఇంట్లో ఏ కాగితం ఎక్కడుందో నీకూ, ఆ పై వాడికీ తప్ప మూడో మనిషికి తెలీదు" అంటారు. అందులో ఉన్న సౌకర్యమే అది కదండీ!

మా అత్తయ్యగారిది ఇంకో పద్ధతి. ఆవిడ కాగితం ముట్టరు. ఏదైనా పని గుర్తుంచుకోవాలంటే కొంగు చివర ఒక ముడి వేసుకుంటారు. పని అయిపోతే విప్పేస్తారు. ఒకసారి ముడి వేసిన సంగతి గుర్తుంది గాని ఎందుకు వేశారో గుర్తు రాక, మూడు రోజులు ఆ ముడిని వేళ్ళతో తడుముకుంటూ తిరిగారు. నాలుగో రోజు చీర ఉతుక్కి వేస్తూ ముడి విప్పేశారు. ఆ పని ఏమిటో ఈనాటికీ మాకెవరికీ తెలీదు.

ఇలా సాగిపోతున్న సంసారంలోకి 2023 వేసవిలో మా అబ్బాయి బెంగుళూరు నుంచి వచ్చి, నా ఫోన్లో ఒక యాప్ పెట్టాడు. దాని పేరెందుకు లెండి, పాపం అది చేసిన తప్పేమీ లేదు. "అమ్మా, ఇక నీ కందిపప్పు డబ్బాలూ గోడలూ మానెయ్యి. చెయ్యాల్సిన పనులన్నీ ఇందులో రాసుకో" అని వాడే కూర్చుని చీటీలు కట్టాడు. ఇల్లు ఒకటి, బజారు ఒకటి, బ్యాంకు ఒకటి, నాన్నమ్మ ఒకటి. ఆ ఆగస్టు నెలాఖరులో మా ఆడపడుచు కూతురి పెళ్ళి, అందుకని పెళ్ళి ఒకటి. వాళ్ళ నాన్న ఫోనుకీ దీన్ని కలిపాడు. నేను రాసింది ఆయనకీ, ఆయన టిక్కు పెట్టింది నాకూ కనబడతాయన్న మాట. మావారికి ముచ్చట తీరక నెలకో చీటీ కూడా పెట్టుకున్నారు, జూన్, జూలై అంటూ. ఆడిట్ బుద్ధి ఎక్కడికి పోతుంది?

చెప్పొద్దూ, మొదట్లో నాకూ సరదాగానే ఉంది. ఆ టిక్కు పెట్టగానే పని మీద గీత పడి కిందికి జారిపోవడం చూస్తే మహా తృప్తి. ముందే చేసేసిన పనిని కూడా రాసి, ఆ తర్వాత టిక్కు పెట్టుకున్న రోజులున్నాయి. నవ్వకండి. మీ ఫోన్లో పెట్టుకుంటే మీరూ అదే చేస్తారు.

చిక్కల్లా జాకెట్టు దగ్గర వచ్చింది.

"టైలరు దగ్గర జాకెట్టు తేవాలి." ఇది ఏ చీటీలో రాయాలి? పెళ్ళిలో కట్టుకునే పట్టుచీర మీదది గనక పెళ్ళి చీటీలోనా? టైలరు కొట్టు కూరల మార్కెట్టు పక్క సందులో ఉంది గనక బజారు చీటీలోనా? ఆ యాప్‌లో ఒక పని ఒక చీటీలోనే ఉంటుంది. సరే, రాయడానికి పైసా ఖర్చా అని రెండింట్లోనూ రాశాను. మావారు కూరలకు వెళ్ళినప్పుడు బజారు చీటీ చూసి జాకెట్టు పట్టుకొచ్చి, బీరువాలో పెట్టి, టిక్కు పెట్టేశారు. మర్నాడు నేను పెళ్ళి చీటీ చూసుకుని మిట్టమధ్యాహ్నం ఆటో ఎక్కి వెళ్ళాను. "సారు నిన్ననే పట్టుకెళ్ళారు కదమ్మా" అన్నాడు టైలరు, మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం లేదేమోనన్నట్టు జాలిగా చూస్తూ.

నెయ్యి సంగతి ఇంకా ఘోరం. అత్తయ్యగారి దీపానికి నాన్నమ్మ చీటీలో, వంటింటికి బజారు చీటీలో, సారె సున్నుండలకి పెళ్ళి చీటీలో. మూడుసార్లు వచ్చింది. ఆ నెల మా ఇంట్లో పెసరట్టు నేతిలో ఈదింది.

అసలు ఇంటి పనుల్లో ఒక్క చీటీకి చెందే పని ఏదైనా ఉందంటారా? కరెంటు బిల్లు ఇంటిదీ, బ్యాంకుదీ. కళ్ళ డాక్టరు అత్తయ్యగారికీ, దారిలో మందుల కొట్టుకీ, ఆవేళ మావారు కారు తియ్యాలి గనక ఆయనకీ. ఆ మాటకొస్తే నేను మాత్రం ఎన్ని చీటీల్లో లేను! ఎవరూ నాకు టిక్కు పెట్టరు, అంతే తేడా.

ఇంతవరకూ నవ్వుకునే సంగతులే. తర్వాత జరిగింది నవ్వుకునేది కాదు.

మా మామయ్యగారు కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన పోయాక అత్తయ్యగారికి ఫ్యామిలీ పెన్షను వస్తోంది. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళుంటే మీకు తెలిసే ఉంటుంది, ఏటా నవంబరులో బతికున్నామని కాగితం ఇవ్వాలి. లైఫ్ సర్టిఫికెట్టంటారు. ఎనభై దాటినవాళ్ళు అక్టోబరు 1 నుంచే ఇవ్వచ్చు. 2014 నుంచి ఆధారుతో కంప్యూటర్లో ఇచ్చే జీవన్ ప్రమాణ్ కూడా వచ్చింది. అయితే అత్తయ్యగారి వేళ్ళ ముద్రలు ఆ మిషనుకి అందవు. జీవితమంతా రుబ్బీ, తోమీ అరగదీసుకున్న వేళ్ళాయె. అందుకని ఏటా ఆవిణ్ణి బ్యాంకుకి తీసుకెళ్ళి సంతకం పెట్టించడం నా పని.

ఆ ఏడు దాన్ని నేను శ్రద్ధగా మూడు చోట్ల రాశాను. బ్యాంకు చీటీలో, నాన్నమ్మ చీటీలో, మావారి నవంబరు చీటీలో. ఎక్కడ చూసినా కనబడుతుంది, మర్చిపోయే ప్రశ్నే లేదని నా ధీమా.

నవంబరు మొదటి వారంలో లాకరు పని మీద బ్యాంకుకి వెళ్ళి, పనిలో పనిగా దీని గురించి అడిగాను. "ఆవిణ్ణి తీసుకురండమ్మా. లేదా ఫోన్లోనే ముఖం చూపించి చేసుకోవచ్చు. ఆధారూ, పి.పి.ఓ. నెంబరూ దగ్గర పెట్టుకోండి" అంది కౌంటరులో అమ్మాయి. బయటికొచ్చి బ్యాంకు చీటీలో టిక్కు పెట్టాను. బ్యాంకులో నేను చెయ్యాల్సింది అయిపోయింది కదా! ఆ టిక్కు మావారు చూశారు. పని అయిపోయిందనుకుని తన నవంబరు చీటీలో టిక్కు పెట్టుకున్నారు. ఇక దీపావళి దులుపుళ్ళ ఊపులో నేను ఫోను కూడా దులిపాను. నాన్నమ్మ చీటీలో ఇది ఇంకా ఉంది. మిగతా రెండు చోట్లా టిక్కు పడిందిగా, ఇది మిగిలిపోయిన నకలు అనుకుని తుడిచేశాను. ఇద్దరం చదువుకున్నవాళ్ళం. మూడు చీటీలూ అద్దంలా ఉన్నాయి. పని మాత్రం జరగలేదు.

ఇక్కడొకటి దాచకుండా చెప్పాలి. నెలాఖరులో ఆవిడ అడిగారు, "ఈ ఏడు నన్ను బ్యాంకుకి తీసుకెళ్ళలేదేమే?" అని. నేను ఫోను తీసి చూసి, "అయిపోయిందత్తయ్యగారూ, ఇప్పుడన్నీ ఫోన్లోనే" అన్నాను. "నేను వెళ్ళకుండానే నేను బతికున్నానని రాసేసుకున్నారూ?" అన్నారావిడ ఆశ్చర్యంగా. నేను నవ్వాను కూడా.

డిసెంబరు ఆఖరున పెన్షను పడలేదు. ఆ సంగతి మాకు తెలీదు. ఆవిడ మాతో అనలేదు.

2024 సంక్రాంతికి నాలుగు రోజులుందనగా పనమ్మాయి అంట్లు తోముతూ, "పెద్దమ్మగారు ఈసారి పండక్కి డబ్బుల్లేవన్నారమ్మా" అంది. అత్తయ్యగారు ఏటా తన పెన్షనులోంచి దానికి చీరకి డబ్బిస్తారు, మునిమనవడికి భోగిపళ్ళలోకి చిల్లరిస్తారు. కొడుకు ఇస్తానన్నా పుచ్చుకోరు. నేను చెయ్యి తుడుచుకుని ఆవిడ గదిలోకి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉన్నారు. నెలాఖరుకి టింగుమనే ఫోనుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"మెసేజీ రాలేదే అమ్మాయీ. సర్కారు లెక్కలో నేను పోయానేమో" అన్నారు నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"పది రోజుల్నించీ నాకు చెప్పలేదేమండీ?"

"అడిగితే అయిపోయిందన్నావుగా. మళ్ళీ అడిగితే నీ మాట నమ్మనట్టుంటుందని."

తిట్టినా బాగుండేది. ఆ రాత్రి మావారూ నేనూ గొంతులు తగ్గించి పోట్లాడుకున్నాం. "నువ్వు టిక్కు పెట్టావుగా" అని ఆయనా, "నా చీటీ చూసి మీరెందుకు పెట్టారు" అని నేనూ. నిజానికి ఇద్దరం ఎవరి చీటీ ప్రకారం వాళ్ళం సవ్యంగానే ఉన్నాం. అదే నాకు ఎక్కువ భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే వరండాలో, వెలుగు పడే చోట కుర్చీ వేసి, ఫోను పట్టుకుని నిలబడ్డాను. "ఉండవే" అని లోపలికెళ్ళి, తల దువ్వుకుని, ఉతికిన చీర మార్చుకుని, కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చారు. "బతికున్నట్టు కనబడాలిగా!" ఫోను కళ్ళార్పమంది. ఆవిడ ఆర్పారు. "ఇంతేనా? కళ్ళార్పితే బతికున్నట్టేనా?" అంటూ నన్ను రెండుసార్లు అడిగారు. పనమ్మాయి చీరకి డబ్బు నేనిస్తానంటే, "అప్పుగా ఇయ్యి" అన్నారు. నెలాఖరున పాత బాకీతో సహా పెన్షను పడింది. బ్యాంకు నుంచి తెప్పించుకుని, నోట్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు. నేను మాట్లాడకుండా పుచ్చుకున్నాను.

సిగ్గుపడాల్సిన విషయం ఇంకొకటుంది. పెళ్ళికి ముందు నేను రెండేళ్ళు ఒక ఆడపిల్లల కాలేజీలో లైబ్రరీ అసిస్టెంటుని. ఈ చిక్కు తీర్చడమే అక్కడ నా ఉద్యోగం! ఒక పుస్తకం చరిత్రకీ, చేనేతకీ కూడా చెందుతుందనుకోండి, ఏ బీరువాలో పెట్టాలి? మొదట్లో నేను ఇలాగే తికమక పడుతుంటే మా లైబ్రేరియనమ్మ, "పుస్తకాన్ని చింపి రెండు బీరువాల్లో పెడతావా ఏమిటి? ఎక్కడో ఒక్కచోట పెట్టు, కార్డులు ఎన్ని కావాలంటే అన్ని రాయి" అనేవారు. రచయిత పేరుతో ఒక కార్డు, పుస్తకం పేరుతో ఒకటి, విషయాల పేరుతో ఇంకో రెండు. అన్నిటి మీదా ఒకటే నెంబరు, అన్నీ ఒకే పుస్తకం దగ్గరికి తీసుకెళ్తాయి. మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియనుగా పనిచేసిన రంగనాథన్ గారు 1933లో తెచ్చిన కోలన్ పద్ధతి ఇంకో అడుగు ముందుకేసి, పుస్తకాన్ని ఏ పక్కనుంచి చూస్తే ఏ విషయమో ఆ ముక్కలన్నీ ఒక్క నెంబరులోనే కలిపి రాస్తుంది. అదంతా బట్టీ పట్టి పరీక్ష పాసైన దాన్ని. ఫోను చేతికి రాగానే కార్డు రాయాల్సిన చోట పుస్తకమే మూడు కొన్నాను.

అబ్బాయికి ఫోను చేసి ఈ మాటే చెప్పాను. "అదే అమ్మా, లేబుళ్ళంటే" అన్నాడు. ఇప్పుడు నాకూ బాగానే తెలిసింది. టుడూయిస్ట్ అనేదాంట్లో పని ఒక్క చీటీలోనే ఉంటుంది, దానికి లేబుళ్ళు మాత్రం ఎన్నైనా తగిలించుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ టు డూలో పని పేరు పక్కనే హ్యాష్ గుర్తుతో బజారు అనో, శుక్రవారం అనో రాస్తే, ఆ మాట నొక్కగానే ఆ గుర్తున్న పనులన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. ఆఫీసుల వాళ్ళు వాడే ఆసనాలో అయితే ఒకే పని రెండు మూడు చోట్ల కనబడుతుంది, నకలు కాదు, అదే పని. ఒకచోట టిక్కు పెడితే అన్నిచోట్లా పడుతుంది.

లేబుళ్ళ మోజులో పడి మొదటి నెల ఒక్కో పనికి ఆరేసి తగిలించాను. ఇప్పుడు రెండు దాటనివ్వను. పని ఏ చీటీలో ఉండాలన్నది మాత్రం ఒక్కటే ప్రశ్న, చెయ్యాల్సింది ఎవరు? ఈ విషయమై మావారూ నేనూ ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటాం, ముఖ్యంగా గ్యాసు బండ విషయంలో. ఇంకోటి, "అడిగాను" అన్నదానికి టిక్కు లేదు. అడగడం వేరే పని, అవడం వేరే పని. నెలల చీటీలు ఆయన తీసెయ్యనన్నారు. చూసుకోవడానికే గాని అందులో టిక్కు పెట్టనని ఒప్పుకున్నారు.

2024 అక్టోబరు 1న నేను కాఫీ తాగుతూ ఫోను తీసేసరికి లైఫ్ సర్టిఫికెట్టు పైనే ఉంది. ఒక్క చీటీలో, రెండు లేబుళ్ళతో. అప్పటికే అత్తయ్యగారు తల దువ్వుకుని వరండాలో కుర్చీలో కూర్చున్నారు. నన్ను చూడగానే కొంగు ఎత్తి చూపించారు.

"నీ ఫోన్లో ఏ చీటీలో ఉందో నాకు తెలీదమ్మాయీ. ఇక్కడ మాత్రం ఉంది."

కళ్ళార్పారు. అందినట్టు మెసేజీ వచ్చేదాకా ఆగి, చదివించుకుని, అప్పుడు ముడి విప్పారు. చూస్తే ఆ పక్కనే ఇంకో ముడి ఉంది.

"అదెందుకండీ?" అన్నాను.

ఆవిడ దాన్ని వేళ్ళతో తడిమారు. "అదే గుర్తు రావడం లేదే" అన్నారు.