గుండెకో కొత్త తలుపు

'ఎన్ని కుట్లు ఏస్తరు సార్?'

ఆపరేషన్‌కి ముందురోజు ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. మిర్యాలగూడ దగ్గరి ఊళ్లో పదేళ్లుగా జాకెట్లు కుడుతున్న మనిషికి కుట్లే కదా ముందు గుర్తొచ్చేది! హైదరాబాద్ ఆసుపత్రిలో ఆ సర్జన్ నవ్వి, నమూనా కవాటాన్ని ఆమె చేతిలో పెట్టారు. గుండ్రటి చట్రం, చుట్టూ పాలిస్టర్ గుడ్డ, లోపల మూడు పల్చటి రేకులు. ఆ గుడ్డలోంచే సూది దూర్చి గుండెకి కుడతారు. 'పదిహేను దాకా పడతాయి' అన్నారాయన. ఆమె గుడ్డ అంచుని వేలితో తడిమి తలూపింది. పని నచ్చినట్టుంది!

ఆమెకి ఇరవయ్యేడేళ్లు. చిన్నప్పుడెప్పుడో గొంతునొప్పి, జ్వరం, ఆ వెనకే మోకాళ్ల వాపు వచ్చి తగ్గిపోయాయి. తగ్గింది కీళ్లే. ఆ రుమాటిక్ జ్వరం గుండెలోని మైట్రల్ కవాటాన్ని మాత్రం వదల్లేదు. ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య తలుపది. మామూలుగా నాలుగైదు చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాలి. ఆమెకి ఒక్కటి కూడా తెరుచుకోవట్లేదు, పైగా కారుతోంది. కడుపుతో ఉన్నప్పుడు పడుకుంటే ఊపిరాడక, రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చునేది. ఆ కాన్పు నిలవలేదు. రేకులు సున్నం పట్టి గట్టిపడటంతో బెలూన్ చికిత్సా కుదరదన్నారు, మరమ్మతూ కుదరదన్నారు.

ఇక మార్చడమే. లోహపుదా, జంతు కణజాలంతో చేసిందా?

ఈ వయసువాళ్లకి డాక్టర్లు సాధారణంగా లోహపుదే చెబుతారు. ఏళ్లతరబడి మన్నుతుంది. కానీ రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. గర్భం మొదటి నెలల్లో ఆ మాత్ర బిడ్డకి చేటు, మానేస్తే కవాటం మీద గడ్డ కట్టి తల్లికి చేటు. కణజాలపు కవాటానికైతే, గుండె లయ సరిగా ఉంటే, మాత్ర మూడు నెలలతో ఆపే వీలుంది. అయితే చిన్న వయసులో అది త్వరగా అరుగుతుంది. పదేళ్లకో, ఇంకా ముందో మళ్లీ మార్చాల్సి రావచ్చు.

'మళ్లీ కోయించుకుంటవా?' అన్నాడు భర్త.

'ముందైతే అమ్మనవుతా' అందామె.

'ఏ జీవిది బిడ్డా అది?' అని అత్తమ్మ సందేహం. ఆవుజాతి పశువు గుండె చుట్టూ ఉండే పొర. పంది కవాటాలతో చేసినవీ ఉన్నాయి. 1960ల్లో ఫ్రాన్స్‌లో అలెన్ కార్పెంటియర్ గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనంలో శుద్ధిచేసే పద్ధతి తెచ్చాకే ఇవి మనిషి ఒంట్లో నిలబడ్డాయి. పెద్దావిడ కాసేపు ఆలోచించి, కోడలి తల నిమిరి ఊరుకుంది.

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున వెంటిలేటర్ తీశారు. దగ్గొస్తే దిండుని ఛాతీకి అదుముకోవాలి. మూడు బంతుల గొట్టంలో గాలి పీల్చాలి. మొదటి రోజు ఒక్క బంతి లేచింది. డాక్టర్లు తొలి ముప్ఫై రోజుల్నీ విడిగా లెక్కేస్తారు: రక్తస్రావం, పక్షవాతం, కిడ్నీలు దెబ్బతినడం, ఇన్‌ఫెక్షన్. ఆ గండాలు కవాటం రకం మీదకన్నా, గుండె ఎంత చెడ్డాక ఆసుపత్రికి వచ్చిందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడతాయి. ఆమె సమయానికే వచ్చింది. ఆరోగ్యశ్రీ కార్డు లేకపోతే వచ్చేదా అన్నది వేరే ప్రశ్న!

ఇంటికొచ్చాక వంట దగ్గరే పేచీ. రక్తపరీక్షలో ఐఎన్ఆర్ రెండుకీ మూడుకీ మధ్య ఉండాలి. ఓ వారం తోటకూర బాగా తినేసరికి అది కాస్తా పడిపోయింది. ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ ఒకే కొలతలో తినమన్నారు. కొలతలంటే ఆమెకి కొత్తా!

మూడు నెలలకి ఎకో తీశారు. రేకులు చక్కగా తెరుచుకుంటున్నాయి. లయా కుదురుగా ఉంది. మాత్ర ఆపారు. మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ మాత్రం తప్పదు. గర్భం సంగతి గుండె డాక్టర్ని అడిగాకే.

ఆ వారమే మిషన్ మీద గుడ్డ తీసింది. ముందు తన జాకెట్టే కుట్టుకుంది, గాటు కనిపించకుండా మెడ రెండంగుళాలు పైకి పెట్టి. తర్వాత కొలతల పుస్తకం చివరి పేజీలో ఆపరేషన్ తేదీ రాసి, దానికింద పదేళ్లు కూడింది. అప్పటికి పిల్లో పిల్లాడో మూడో నాలుగో తరగతిలో ఉంటారు.

పుస్తకం మూసి, పక్కింటావిడ జాకెట్టు అందుకుంది.