కర్ణుడు లేని భారతం

బాక్సింగ్ అభిమానుల సంభాషణ చెవిన పడినప్పుడల్లా ఒక విశేషం గమనిస్తూ వచ్చాను. వారు ఏ యోధుణ్ణీ ఒంటరిగా తలచుకోరు. ఒక పేరు పలకగానే దాని వెనుక మరొక పేరు దానంతట అదే వస్తుంది. గాయకుడికైనా, చిత్రకారుడికైనా తన విద్యను నిరూపించుకోవడానికి ఎదురుగా ప్రత్యర్థి అక్కరలేదు. ముష్టియోధుడికి మాత్రం అది తప్పదు. అతడి ధైర్యమెంత, ఓర్పెంత, తెలివెంత అన్నది ఎదుట నిలిచినవాడి పిడికిలే తేల్చాలి. ఎదుటివాడు అల్పుడైతే గెలుపు కూడా అల్పమే.

జో లూయీ పేరు వెంట మాక్స్ ష్మెలింగ్ పేరు వస్తుంది. షుగర్ రే రాబిన్‌సన్ పేరు వెంట, అతడితో ఆరుసార్లు తలపడిన జేక్ లామోటా పేరు వస్తుంది. అయితే ఏ దేశపు అభిమానిని కదిపినా ముందుగా నాలుక మీదికి వచ్చే జంట మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్.

ఈ రెండు పేర్లూ నాకు చిన్నతనం నుంచి పరిచితాలు. మా మేనమామ మద్రాసులో ఒక ముద్రణాలయంలో పనిచేసేవారు. ఆయన అలీకి వీరాభిమాని. ఆయన సహోద్యోగి, ప్రాణస్నేహితుడు ఒకాయన ఫ్రేజియర్ పక్షం. ఇద్దరిలో ఎవరూ జన్మలో చేతికి గ్లవ్స్ తొడిగినవారు కారు. 1971 మార్చిలో, మన దేశంలో లోక్‌సభ ఎన్నికలు జరుగుతున్న రోజుల్లో, ఆ వార్తల రద్దీలో చోటు దొరికించుకున్న న్యూయార్క్ పోటీ కబురును వారిద్దరూ కంఠతా వచ్చేదాకా చదువుకున్నారట. 1980లో అలీ మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీలో పాల్గొన్నప్పుడు కలిసి వెళ్ళి చూశారు. మామయ్య పరవశించిపోయారు. స్నేహితుడు మాత్రం, "ఈ ఎల్లిస్‌ను మా ఫ్రేజియర్ పదేళ్ళ కిందటే ఓడించాడు. దమ్ముంటే ఫ్రేజియర్‌నే తీసుకురమ్మనవోయ్!" అన్నారట.

వేసవి సెలవుల్లో వారింటికి వెళ్ళినప్పుడు ఆ వాదం నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మామయ్య అలీ పాదాల వేగాన్ని, మాటల చమత్కారాన్ని వర్ణించేవారు. స్నేహితుడు ఓపికగా విని, చివరికి ఒకే ఒక మాటతో ముగించేవారు: "కర్ణుడు లేని భారతం, శొంఠి లేని కషాయం. మా వాణ్ణి తీసేసి మీ వాడి కథ చెప్పు, చూద్దాం."

ఆ సామెత ఎంత లోతుకు తగులుతుందో అప్పట్లో నాకు తెలియలేదు. ఆంగ్ల సాహిత్యం చదువుకుని, అనువాదం వృత్తిగా స్వీకరించిన చాలాకాలానికి, ఈ ఇద్దరి వైరం గురించిన ఒక సుదీర్ఘ వ్యాసం తెలుగు చేసే అవకాశం వచ్చింది. అప్పుడు ఆ కథ మొదటి నుంచి తెలిసింది.

వియత్నాం యుద్ధానికి తన మతవిశ్వాసం, అంతరాత్మ అంగీకరించవని చెప్పి, 1967 ఏప్రిల్‌లో అలీ సైన్యంలో చేరడానికి నిరాకరించాడు. ప్రపంచ విజేత బిరుదు పోయింది. పోటీ చేసే అనుమతి పోయింది. ఇరవై అయిదో ఏట మొదలైన ఆ బహిష్కారం మూడున్నరేళ్ళు సాగింది. ముష్టియోధుడి జీవితంలో అవి మళ్ళీ రాని సంవత్సరాలు. ఆ కాలంలోనే ఫ్రేజియర్ ఒక్కొక్క మెట్టే ఎక్కి, 1970 ఫిబ్రవరిలో జిమ్మీ ఎల్లిస్‌ను ఓడించి, తిరుగులేని హెవీవెయిట్ విజేత అయ్యాడు. అయినా అలీ లేని సింహాసనం అతడికి రుచించలేదు. అలీకి తిరిగి అనుమతి ఇవ్వాలని బహిరంగంగా మాట్లాడాడు. చేతికి డబ్బు కూడా అందించాడు. అప్పటికి వారు శత్రువులు కారు.

1971 మార్చి 8న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇద్దరూ ఎదురుపడ్డారు. అలీ ఖాతాలో 31 విజయాలు, ఫ్రేజియర్ ఖాతాలో 26. ఓటమి ఎటువంటిదో ఇద్దరికీ తెలియదు. ఒక్కొక్కరికీ దక్కిన పారితోషికం 25 లక్షల డాలర్లు. ఆనాటికి అది కనీవినీ ఎరుగని మొత్తం. గాయకుడు ఫ్రాంక్ సినాట్రా లైఫ్ పత్రిక కోసం కెమెరా పట్టుకుని రింగు పక్కన నిలిచాడంటే ఆ రాత్రి ఆకర్షణ ఎంతటిదో ఊహించుకోవచ్చు. పదిహేనో రౌండులో ఫ్రేజియర్ ఎడమచేతి హుక్ అలీ దవడకు తగిలింది. అలీ వెల్లకిలా పడ్డాడు. కొద్ది క్షణాల్లోనే లేచి నిలబడి, ఆ రౌండు పూర్తి చేశాడు. న్యాయనిర్ణేతలు ఏకగ్రీవంగా ఫ్రేజియర్‌ను విజేతగా ప్రకటించారు. గెలిచినవాడు కూడా ఆసుపత్రి పాలయ్యాడు.

అనువాదంలో ఈ ఘట్టం నన్ను ఇబ్బంది పెట్టలేదు. దెబ్బకు తెలుగులో మాటల కొరత లేదు. ఆ పోటీకి ముందు అలీ అన్న ఒక మాట దగ్గర నా కలం ఆగింది. ఫ్రేజియర్‌ను అతడు 'అంకుల్ టామ్' అన్నాడు. 1852లో వెలువడిన హారియెట్ బీచర్ స్టో నవలలో టామ్ ఒక బానిస. పారిపోయిన ఇద్దరు స్త్రీల జాడ చెప్పమని యజమాని హింసించినా నోరు విప్పక, దెబ్బలకే ప్రాణాలు విడిచిన సాధువు. కాలక్రమాన ఆ పేరు అర్థం తలకిందులై, తెల్లవారి కాళ్ళు పట్టే నల్లవాడికి తిట్టుగా మారింది. దాన్ని 'టామ్ మామ' అని తెలుగు చేస్తే తిట్టు కాస్తా ముద్దుపేరు అవుతుంది. మన భాషలో మామ అన్నమాటలో చనువుంది, ఆప్యాయత ఉంది, విషం లేదు. 'బానిస' అంటే జాలి పుడుతుంది. రెండు రోజులు ఆలోచించి 'తెల్లదొరల తొత్తు' అని రాశాను. రాసిన తరువాత, ఆ మాట ఎవరిని తాకిందో చూద్దామని ఫ్రేజియర్ జీవితం మరింత చదివాను.

దక్షిణ కరొలైనా రాష్ట్రంలో బ్యూఫర్ట్ ప్రాంతపు పేద వ్యవసాయ కుటుంబంలో పన్నెండో సంతానం అతడు. ఎడమచేతిలో కొంత భాగం కోల్పోయిన తండ్రికి తానే ఎడమచేయిగా మెలిగాడు. బాల్యంలో తన ఎడమచేతికి తగిలిన దెబ్బ సరిగా మానక అది పూర్తిగా చాచుకునేది కాదని, తన హుక్‌కు ఆ వంకరే కలిసివచ్చిందని తానే చెప్పుకున్నాడు. ఫిలడెల్ఫియా చేరి కబేళాలో కూలిపని చేస్తూ సాధన సాగించి, 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణపతకం గెలిచాడు. లూయీవిల్‌లో సైన్‌బోర్డులు రాసే చిత్రకారుడి కొడుకైన అలీ బాల్యంతో పోలిస్తే ఫ్రేజియర్ అనుభవించిన పేదరికమే కఠోరమైనది. అటువంటివాణ్ణి సొంత జనానికే పరాయివాడని చాటితే, జనం నమ్మారు. ఫ్రేజియర్ పిల్లలు బడిలో ఆ మాటలు పడవలసి వచ్చింది. కురుక్షేత్రంలో బాణాలు తగలకముందే కర్ణుణ్ణి 'సూతపుత్రుడు' అన్న మాట జీవితమంతా గుచ్చిందని మనకు తెలియనిది కాదు.

1974 జనవరిలో జరిగిన రెండో పోటీకి కొద్దిరోజుల ముందు, టెలివిజన్ స్టూడియోలో అలీ అతణ్ణి జ్ఞానం లేనివాడన్నాడు. ఫ్రేజియర్ లేచి మీదికి వెళ్ళాడు; ఇద్దరూ నేలమీద కలియబడ్డారు. ఆ పోటీలో పన్నెండు రౌండ్ల అనంతరం అలీ పాయింట్ల మీద గెలిచాడు. మూడోది 1975 అక్టోబరు 1న, మనీలా మహానగరంలోని అరనేటా కొలీజియంలో. అమెరికా ప్రేక్షకుల సౌకర్యం కోసం పోటీ ఉదయం పూట పెట్టారు. ఉష్ణమండలపు ఉక్క, పైన దీపాల వేడి. ఈసారి అలీ తన ప్రత్యర్థిని గొరిల్లా అన్నాడు. రబ్బరు గొరిల్లా బొమ్మను పత్రికలవారి ముందు కొట్టి నవ్వించాడు. ఆ నవ్వుల వెనుక ఉన్న బాధ పద్నాలుగు రౌండ్లపాటు రింగులో బయటపడింది. ఫ్రేజియర్ ఎడమకంటి చూపు అంతకుముందే మందగించి ఉందని అతడే తరువాత వెల్లడించాడు. వాపుతో రెండో కన్ను కూడా మూసుకుపోసాగింది. పదిహేనో రౌండుకు వెళతానని అతడు పట్టుబట్టినా, శిక్షకుడు ఎడ్డీ ఫచ్ ఒప్పుకోలేదు. పోటీ ఆగింది. గెలిచిన అలీ రింగులోనే కూలబడ్డాడు. మృత్యువుకు అంత దగ్గరగా ఎన్నడూ వెళ్ళలేదని తానే చెప్పాడు.

మొత్తం మూడు పోటీలు, నలభై ఒక్క రౌండ్లు. ఆ గాయాల్లో చర్మానికి తగిలినవి మానాయి. కాలు జారితే తీసుకోవచ్చు గాని, నోరు జారితే తీసుకోలేమని మన సామెత. 1996లో పార్కిన్‌సన్స్ వ్యాధితో వణుకుతున్న చేతితో అలీ అట్లాంటా ఒలింపిక్ జ్యోతి వెలిగించినప్పుడు ప్రపంచం కన్నీరు పెట్టుకుంది. అతణ్ణి ఆ మంటలోకే తోసేయాలనిపించిందన్నాడు ఫ్రేజియర్. చాలామంది అతణ్ణి కఠినుడన్నారు. ఇరవై అయిదేళ్ళు ఆ తిట్లు మోసినవాడి మాట అదని గుర్తుంచుకున్నవారు తక్కువ. 2001లో అలీ పత్రికాముఖంగా క్షమాపణ చెప్పుకున్నాడు. అవన్నీ పోటీ ప్రచారం కోసం అన్న మాటలన్నాడు. ఫ్రేజియర్ ఒకప్పుడు మన్నించానన్నాడు. మరొకప్పుడు పాతబాధ మళ్ళీ పైకి వచ్చింది.

లోకం కూడా అతడి పట్ల ఉదారంగా ప్రవర్తించలేదు. 1976లో వచ్చిన 'రాకీ' చలనచిత్రంలో కథానాయకుడు కబేళాలో వేలాడే మాంసం మీద పిడిగుద్దులు సాధన చేస్తాడు. ఆ కల్పిత వీరుడి విగ్రహం 1980ల్లోనే ఫిలడెల్ఫియాలో వెలిసింది. నిజంగా ఆ ఊళ్ళో చెమటోడ్చిన ఫ్రేజియర్ విగ్రహం వెలిసింది 2015లో, అతడు మరణించిన నాలుగేళ్ళకు.

నా అనువాదం అచ్చయ్యాక ఒక ప్రతి మామయ్యకు పంపాను. అప్పటికే స్నేహితుడు గతించారు. చదివి మామయ్య ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అలీ మాటలు చెప్పుకుని మేమెంత నవ్వుకున్నామో! ఆ మాటలు పడ్డవాడికి పిల్లలున్నారని ఒక్కనాడూ తట్టలేదు. వాడుంటే చెప్పేవాణ్ణి" అన్నారు. అలీ మీద ఆయన అభిమానం తగ్గలేదు, తగ్గనవసరమూ లేదు. సింహాసనం పోయినా విశ్వాసం వదలని మనిషి, నమ్మిన స్నేహితుణ్ణి మాటలతో కుళ్ళబొడిచిన మనిషి ఒక్కరే. మనం అభిమానించేవారిని పూర్తిగా తెలుసుకోవడం అభిమానానికి ద్రోహం కాదు. వారి ప్రత్యర్థిని కూడా తలచుకున్నప్పుడే వారి గెలుపు విలువ తెలుస్తుంది. ఫ్రేజియర్ ఎడమచెయ్యే లేకుంటే, పడ్డ అలీ ఎంత త్వరగా లేవగలడో ఆ రాత్రి ఎవరికీ తెలిసేది కాదు.

2011 నవంబరులో ఫ్రేజియర్ కాలేయ క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఫిలడెల్ఫియాలో జరిగిన అంత్యక్రియలకు అలీ వచ్చాడు. అప్పటికి అతడికి నడక కష్టం. మాట దాదాపు పోయింది. దివంగతుడి పట్ల ప్రేమను లేచి నిలబడి చాటండని సభికులను కోరినప్పుడు, అలీ మరొకరి ఆసరాతో లేచాడు. ఏ నోటితో ఆ తిట్లన్నీ తిట్టాడో ఆ నోట ఇక మాట రాదు. రెండు చేతులూ కలిపి చప్పట్లు కొట్టాడు.