చిక్కడపల్లి గోడల దగ్గర బొమ్మల బడి

"బొమ్మలు నాకు రావండీ" అంటారేమో మీరు. ఆ మాట కాసేపు పక్కన పెట్టి నాతో చిక్కడపల్లి దాకా రండి.

మొన్న సిటీ సెంట్రల్ లైబ్రరీలో నా పక్కన ఒకమ్మాయి గ్రూప్స్‌కి చదువుకుంటోంది. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండే పిల్లే అయ్యుంటుంది. నోట్సులో గోదావరిని ఒకే ఒక్క గీతతో గీసింది. ఎడమ కొసన త్ర్యంబకం. కందకుర్తి దగ్గర కింది నుంచి మంజీర. కాళేశ్వరం దగ్గర పై నుంచి ప్రాణహిత. అక్కణ్ణుంచి పెన్సిల్ ఒత్తిపట్టి గీతని రెండింతలు లావు చేసింది.

"ఎందుకమ్మా అంత లావు?" అనడిగాను.

"ప్రాణహిత పెద్ద నది కదా సార్, కలిశాక గోదారి పెరగొద్దా?" అంది.

ఎదురుగా తెరిచిన పుస్తకంలోనూ పటం ఉంది. జిల్లా హద్దులు, రైలుదారులు, ఊళ్ల పేర్లు, అన్నీ ఉన్నాయి. నది ఎక్కడ బలిసిందో మాత్రం లేదు. డిజైన్ కాలేజీల్లో విజువల్ థింకింగ్ అని నేర్పేది ఇదేనండీ. ఆ పిల్లకి పేరు తెలిసినా తెలియకపోయినా పని తెలుసు. అలంకారానికి గీయలేదు, ఆలోచిస్తూ గీసింది.

తిరిగొస్తూ మెట్రో ఎక్కాను. 2020 ఫిబ్రవరిలో మొదలైన లైను. ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, పటంలో తిన్నటి గీత మీద చుక్కలు. ఇలాంటి పటాలకి దారి చూపినవాడు హ్యారీ బెక్ అనే లండన్ డ్రాఫ్ట్స్‌మన్. 1933లో ఆయన గీసిన భూగర్భ రైలు పటం అచ్చయింది. ఎక్కడ దిగాలి, ఎక్కడ మారాలి, ప్రయాణికుడికి ఇంతే కావాలని నేల మీది అసలు వంపులూ దూరాలూ వదిలేశాడు. థేమ్స్ నదిని మాత్రం ఉంచాడు. నదికి ఏ ఒడ్డున ఉన్నామో తెలిస్తే మనిషికి ధైర్యం. ఆ ఒక్క నీలిగీత ఉంచినందుకు ఆయనంటే నాకు మరీ గౌరవం.

మన క్రాస్ రోడ్స్‌లోనూ గొప్ప బడి ఉండేది. సుదర్శన్, దేవి, సంధ్య థియేటర్ల ముందు చేత్తో వేసిన బ్యానర్లు గుర్తున్నాయా? చిన్న ఫొటో మీద గళ్లు గీసి, గుడ్డ మీద అవే గళ్లు పెద్దవి చేసి, గడి తర్వాత గడి నింపుకుంటూ పోయేవారు. గుడ్డకి ఆనుకుని నిలబడ్డ పెయింటర్‌కి హీరో మొహం కనబడదు, చెంప మీద గులాబీ పట్టీ, దవడ కింద నీలం మచ్చ కనబడతాయి. రోడ్డవతల బస్సులో కూర్చున్నవాడి కంట్లో అవి మొహమయ్యేవి. వేసేది ఇక్కడ, చూసేది అక్కడ! ఆ దూరాన్ని మనసులో కొలుచుకోవడమే విద్య. ఫ్లెక్సీలొచ్చి ఆ కుంచెల్ని మూలపడేశాయి, నాకది ఇప్పటికీ బాధే.

బాపు గారూ అంతే. 1967లో 'సాక్షి'తో దర్శకుడైన ఆయన, కెమెరా కన్నా ముందు షాట్లని కాగితం మీద చూసుకునేవారు.

నారాయణగూడ గోడల మీది కోచింగ్ పోస్టర్లు చూసినప్పుడల్లా అక్షరాల గురించి దిగులేస్తుంది. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి ఎంత చోటు కావాలో చూడండి. ఇంగ్లీషు కొలతతో వరుసలు ఇరికిస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుతుంది. వరుసల మధ్య ఖాళీ కూడా బొమ్మలో భాగమే.

కిందటి వారం మా మేనకోడలు త్యాగరాయ గానసభకి దారి అడిగింది. కొట్లు, హోటళ్లు, సందులు, అన్నీ గీసిచ్చాను. "మామయ్యా, ఇందులో గానసభ ఎక్కడుంది?" అంది. కాగితం తిప్పి మళ్లీ గీశాను. మెట్రో స్టేషన్‌కి ఒక గడి, రోడ్డుకి ఒక గీత, మలుపు దగ్గర బాణం, చివర చిన్న వీణ. కచేరీకి శ్రుతి చేసుకునే వేళకే వెళ్లి ముందు వరుసలో కూర్చుందట.