అమ్మమ్మ భాష మానేసిన ఇళ్లు

ప్రత్యేక అవసరాలు గల పిల్లలను పరదేశంలో పెంచుతున్న తెలుగు తల్లులు ఒకరికొకరు ఎలా ఆసరా అయ్యారన్నది ప్రవాస జీవితంపై వచ్చిన రచనల్లో అరుదుగా కనిపించే విషయం. అయితే ఈ తల్లులు ఒకరికొకరు అందించుకున్నది ఓదార్పు ఒక్కటే అనుకుంటే వారి శ్రమలో సగం లెక్కకు రాకుండా పోతుంది. ప్రత్యేక అవసరాలు అనే మాట కింద బుద్ధిమాంద్యం, మస్తిష్క పక్షవాతం, డౌన్ సిండ్రోమ్, ఆటిజం వంటివి అనేకం వస్తాయి. వీటిలో ఆటిజం మెదడు ఎదుగుదలలో పుట్టుకతో వచ్చే తేడా. దీనివల్ల పిల్లలకు ఎదుటివారితో మాటా చూపూ కలపడం కష్టమవుతుంది, చేసిన పనినే మళ్లీమళ్లీ చేయాలనిపిస్తుంది, మిక్సీ మోతో చొక్కా లేబులో కూడా భరించరానిదిగా తోచవచ్చు. పైకి ఏ లోపమూ కనబడదు కాబట్టి ఆటిజం ఉన్న బిడ్డ తల్లి చుట్టాల ముందు పదేపదే సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

ఆ సంజాయిషీకి పెద్ద చరిత్రే ఉంది. 1943లో లియో కానర్ అనే వైద్యుడు ఆటిజాన్ని విడిగా గుర్తించి వర్ణించిన తరువాత రెండు దశాబ్దాలపాటు అమెరికాలో చదువుకున్నవారే తల్లుల మనసు చల్లబడిపోవడం వల్ల పిల్లలు ఇలా ముడుచుకుపోతారని నమ్మారు. షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు బ్రూనో బెటల్‌హైమ్ 1967లో ఆ వాదంతో ఒక గ్రంథమే ప్రచురించాడు. విశాఖపట్నం శివార్లలో, జాతీయ రహదారి పక్కన పూలమార్కెట్‌తో పేరు పొందిన ఆనందపురం వంటి ఊళ్లలో ఇదే నింద మరో రూపంలో వినిపిస్తుంది: కడుపుతో ఉన్నప్పుడు గ్రహణంలో బయటికి వచ్చిందనీ, బిడ్డ చేతికి ఫోనిచ్చి వదిలేసిందనీ, మాటలు నేర్పే ఓపిక లేదనీ అంటారు. ఆచార్యుడి సిద్ధాంతమైనా అరుగు మీది మాటైనా చివరికి వేలు చూపేది తల్లి వైపే. ఆ నిందను పడగొట్టినవారిలో ముందు నిలిచినవారు పిల్లల తల్లిదండ్రులే. ఆటిజం ఉన్న కొడుకు తండ్రి, మనస్తత్వశాస్త్రవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో రాసిన పుస్తకం దీనికి శారీరక కారణాలున్నాయని వాదించింది. అంతకు రెండేళ్ల ముందే, 1962లో, లండన్‌లో తల్లిదండ్రులు సంఘం పెట్టుకున్నారు. ఇంకా ముందు 1958లో జర్మనీలోని మార్‌బుర్గ్‌లో టామ్ ముటర్స్ తల్లిదండ్రులను కూడగట్టి లెబెన్స్‌హిల్ఫె, అంటే జీవితానికి చేయూత, అనే సంస్థను ఆరంభించాడు. అదే పేరుతో విశాఖపట్నంలో నేటికీ బుద్ధిమాంద్యం గల పిల్లల పాఠశాల నడుస్తున్నదన్న సంగతి అక్కడి వారిలో చాలామందికి తెలుసుగాని, ఆ పేరు వెనుక తల్లిదండ్రుల ఉద్యమం ఉందన్నది అంతగా ప్రచారంలో లేదు.

నేటి తెలుగు తల్లుల కూటములు ఆ సంప్రదాయానికే చెందుతాయి. ఇదివరకు యాహూ గ్రూపుల్లో జరిగిన సంభాషణలు, 2020 డిసెంబరులో అవి మూతపడేనాటికే వాట్సాప్‌లోకి మళ్లాయి. టెక్సస్‌లో వేసవి రాత్రి పది గంటలకు బిడ్డను నిద్రపుచ్చిన తల్లి వంటింట్లో నిలబడి గొంతు తగ్గించి వాయిస్ మెసేజ్ పెడితే, అప్పటికి విశాఖలో మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర. పిల్లవాడిని బడికి పంపి చేతులు తుడుచుకుంటున్న మరో తల్లి దాన్ని వింటుంది. రాసే తీరిక ఇద్దరికీ ఉండదు కాబట్టి ఈ కూటములు చాలావరకు గొంతుతోనే నడుస్తాయి. ఏడుపు ఆపుకుంటున్న సంగతి కూడా అందులో దాగదు.

అమెరికాలోని తల్లికి మొదట కావలసింది చట్టం. అక్కడ 1975లో వచ్చి 1990లో కొత్త పేరు పొందిన చట్టం ప్రకారం, ప్రత్యేక అవసరాలున్న ప్రతి బిడ్డకూ ప్రభుత్వ పాఠశాల ఉచితంగా తగిన చదువు చెప్పాలి. ఆ చదువు ఎలా ఉండాలో తల్లిదండ్రులతో కూర్చుని రాసే పత్రాన్ని ఐఈపీ, అంటే ఆ ఒక్క బిడ్డ కోసమే తయారైన విద్యా ప్రణాళిక, అంటారు. టీచరు ఎదుట "మీరెలా చెబితే అలాగే మేడం" అనడమే మర్యాదగా పెరిగిన స్త్రీ, బల్లకు అటువైపు అరడజనుమంది నిపుణులు కూర్చున్న ఆ సమావేశంలో తన మాటకూ చట్టబద్ధమైన విలువ ఉందని నమ్మడం తేలిక కాదు. ఆ పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని చదువుకున్నాకే సమ్మతి తెలపవచ్చనీ, ఇంగ్లీషు కష్టమైతే దుబాసీని ఏర్పాటు చేయమని అడగవచ్చనీ ఆమెకు చెప్పేది సాధారణంగా ఏడాది ముందు అదే బల్ల ముందు కూర్చుని లేచిన మరో తల్లి. భర్త ఉద్యోగ వీసాకు అనుబంధంగా వచ్చే హెచ్‌4 వీసా మీద ఉన్న స్త్రీకి ఉద్యోగానుమతి దొరకడం కష్టం, కారు నడపడం రాకపోతే ఇల్లు దాటడమూ కష్టం. పైగా ఆ వీసా మీద ఆధారపడిన బిడ్డకు 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది, బిడ్డ తనంతట తాను బతకగలడా లేదా అన్నది ఆ లెక్కలోకి రాదు. ఇది వలస చట్టాల్లోని తీవ్రమైన అన్యాయమని చెప్పక తప్పదు.

వీటన్నిటికంటె ఎక్కువగా చర్చించవలసినది భాష. మాటలు ఆలస్యమైన బిడ్డను చూపించుకోవడానికి వెళ్లిన వలస కుటుంబాలకు చాలాకాలంగా అందుతున్న సలహా ఒకటే: ఇంట్లో రెండు భాషలు వద్దు, ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి. వినడానికి సబబుగానే ఉన్న ఈ మాటను నమ్మి ఎందరో తల్లులు ఒక్కరోజులో తెలుగు మానేశారు. ఆటిజం ఉన్న పిల్లలపై వివిధ దేశాల్లో జరిగిన పరిశోధనలు మాత్రం రెండు భాషల మధ్య పెరగడం వల్ల మాట ఇంకా ఆలస్యమవుతుందన్న భయానికి ఆధారం లేదని మళ్లీమళ్లీ తేల్చాయి. నష్టం జరిగేది మరో చోట. తనది కాని భాషలో బిడ్డతో మాట్లాడే తల్లి నోట "సిట్", "ఈట్", "స్టాప్" వంటి ఆజ్ఞలు మిగులుతాయి; ముద్దుచేయడం, ఊరించడం, చందమామను పిలవడం, కోపగించుకుని వెంటనే దగ్గరకు తీసుకోవడం ఇవన్నీ పుట్టిన భాషతోపాటే వెళ్లిపోతాయి. అక్కా నాన్నా తెలుగులో నవ్వుకుంటూ ఉంటే, ఆ ఇంట్లో ఎవరితో మాట కలపడం అన్నిటికంటె ముఖ్యమో ఆ బిడ్డే మాటల బయట ఉండిపోతాడు. ఆనందపురం నుంచి వీడియో కాల్‌లో అమ్మమ్మ "ఏట్రా గుంటడా, బువ్వ తిన్నావేటి?" అని అడిగినప్పుడు తెర వైపు చూడని మనవడికి ఆ ప్రశ్న అర్థం కాలేదో, వినబడలేదో, జవాబు తెలిసీ నోరు రాలేదో ఎవరికీ తెలియదు, ఆమె మాత్రం పిల్లవాడికి తానంటే గిట్టదనుకుని ఫోను పక్కన పెట్టేస్తుంది.

ఈ కూటముల్లో తల్లులు చేసిన అతిగొప్ప పని ఇక్కడే ఉంది. మాట రాని పిల్లలు బొమ్మను తాకి తమ అవసరం చెప్పే పద్ధతి ఒకటుంది. దానికి చెన్నైలో రూపొందిన ఆవాజ్ వంటి యాప్‌లూ వాడవచ్చు, అట్టముక్క మీద అతికించిన ఫొటోలూ సరిపోతాయి. బడిలో ఇచ్చిన ఇంగ్లీషు అట్టకు జోడుగా ఇంట్లో "అన్నం", "నీళ్లు", "ఇంకా", "చాలు", "వద్దు", "అమ్మమ్మ" అని తెలుగులో రాసిన అట్ట తయారుచేసుకోవడం ఒక తల్లి మరో తల్లికి నేర్పిన విద్య. అమ్మమ్మ ముఖమే ఆ అట్టలో ఒక గడి అయినప్పుడు, బిడ్డ దానిమీద వేలు పెట్టడం కూడా పిలుపే అవుతుంది, ఆమెకూ అది అర్థమవుతుంది.

స్వదేశంలోని తల్లి వద్ద ఉన్నవీ లేనివీ వేరు. ఆంధ్రప్రదేశ్‌లో సమగ్ర శిక్ష కింద మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రాలలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఇటువంటి పిల్లలకు పాఠం చెబుతారు. సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం పొంది, అర్హత ఉంటే పింఛను వస్తుంది, అది 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, అందులో ఆటిజాన్నీ చేర్చింది. విశాఖపట్నం ఉక్కునగరంలో అరుణోదయ ప్రత్యేక పాఠశాల ఉంది. కాని అది ఆనందపురానికి నగరం అవతలి కొసన ఉంది, హారన్ మోతకు చెవులు మూసుకునే బిడ్డను బస్సులో కూర్చోబెట్టి అంత దూరం తీసుకువెళ్లడం ఏమిటో చేసినవారికే తెలుసు. ముప్పావుగంట థెరపీకి పూట కూలి పోతుంది. ఈ తల్లికి అమెరికాలోని తల్లి పంపే వీడియోలు ఉపయోగపడిన మాట నిజమే అయినా, ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే సాగదు. చేతివేళ్లకు పట్టు రావడానికి, పని మీద చూపు నిలవడానికి ఆక్యుపేషనల్ థెరపీ, అంటే నిత్యజీవితపు పనులు చేతికి అలవాటు చేసే చికిత్స, పిల్లలచేత దారానికి పూసలు గుచ్చిస్తుంది. బంతిపూల బుట్ట ఇంట్లోనే ఉన్నచోట ఆ పని సూదీదారంతో సాగుతుంది. పది పూలు గుచ్చితే దండలో అవి కనబడతాయి, ఆ దండ గుమ్మానికి వేలాడుతుంది. ఈ ఆలోచన ఆనందపురం నుంచి అమెరికా వెళ్లదగినదే.

అయితే ఈ కూటముల్లో అబద్ధమూ అంతే వేగంగా పాకుతుంది. ఒంట్లోని లోహాలను తీసేస్తే ఆటిజం తగ్గుతుందన్న ప్రచారాన్ని నమ్మి చేయించిన చికిత్సలో 2005లో పెన్సిల్వేనియాలో అయిదేళ్ల బిడ్డ ప్రాణమే పోయింది. మూలకణాల పేరిట లక్షలు గుంజే ప్రకటనలు తెలుగులోనూ వస్తున్నాయి. ఆటిజాన్ని మాయం చేసే మందు ఈనాటికి లేదు. ఉందని ఎవరైనా సందేశం పెడితే దానిని తొలగించి, ఆశపడిన తల్లిని నొప్పించకుండా విడిగా మాట్లాడే నిర్వాహకురాలు ఉన్న గుంపే మేలైనది.

"మా తర్వాత ఎవరు?" అన్న ప్రశ్న మాత్రం ఏ దేశంలోనైనా ఒక్కటే. భారతదేశంలో 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, 18 ఏళ్లు నిండిన బిడ్డకు సంరక్షకుడిని నియమించమని కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీని కోరవచ్చు. ఆస్తి స్వదేశంలోనూ బిడ్డ విదేశంలోనూ ఉన్న కుటుంబాలు రెండుచోట్లా విడివిడిగా ఏర్పాట్లు చేసుకోవాలి, ఆలస్యం చేయకూడదు.

బిడ్డ కోసమని తెలుగు మానేసిన తల్లులకు ఒక విన్నపం. ఈ రాత్రి నిద్రపుచ్చేటప్పుడే మళ్లీ తెలుగులో మాట్లాడండి; బదులు రాకపోయినా మాట్లాడండి. రేపు ఉదయం అమ్మమ్మ ఫొటో ఒకటి అట్టమీద అతికించండి.