తూముకి అడ్డం పడ్డ రాయి

దీపావళి సంచికకి ఏదైనా రాయమని మన సంఘం సంపాదకులు అడిగినప్పుడు, "నాకు తెలిసింది మొక్కజొన్న ఒక్కటే. దాన్ని గురించి ఎవరు చదువుతారండీ?" అన్నాను. "అదే రాయండి" అన్నారు. కనుక తప్పు నాది కాదు.

అక్టోబరు వచ్చేసరికి ఇక్కడ ఇళ్ళ గుమ్మాలకి రంగురంగుల మొక్కజొన్న కండెలు కడతారు, మీరంతా చూసే ఉంటారు. వాటిలో కొన్ని గింజల మీద ఊదారంగు చుక్కలూ చారలూ ఉంటాయి. ఆ చుక్కల వెనకే నా ఉద్యోగమంతా గడిచింది. నేను గుంటూరు జిల్లా పల్లెటూరి రైతు కూతుర్ని. బోటనీలో ఎమ్మెస్సీ చేసి, పెళ్ళయి 1989లో ఈ దేశం వచ్చి, ఒక యూనివర్సిటీ వారి మొక్కజొన్న లాబులో చేరాను.

1996 వేసవిలో అమ్మా నాన్నా వచ్చారు. నాన్నని లాబుకి తీసుకెళ్ళి చుక్కల కండె చేతిలో పెట్టాను. ఆయన గోటితో గీకి చూసి, "తెగులు పట్టిందేమిటమ్మాయ్? మేమైతే ఇట్లాంటివి విత్తనానికి ఉంచం, ఏరి పారేస్తాం" అన్నారు.

పారెయ్యని మనిషి కథ చెప్పాను. బార్బరా మెక్లింటాక్ అనే ఆవిడ 1940లలో న్యూయార్క్ దగ్గర కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో స్వయంగా మొక్కజొన్న పెంచుతూ, ఈ చుక్కలు ఎందుకు వస్తున్నాయో ఏళ్ళ తరబడి చూశారు. జన్యువులు దండలో పూసల్లా ఎక్కడివక్కడ కదలకుండా ఉంటాయని అందరూ నమ్మే రోజులవి. కాదు, కొన్ని ముక్కలు ఉన్నచోటు వదిలి ఇంకోచోటికి దూకుతాయని ఆవిడ అన్నారు. 1951లో పెద్ద సభలో చెబితే చాలామందికి ఎక్కలేదు. తర్వాత బాక్టీరియాలో, పండ్ల ఈగల్లో కూడా అలాంటివే బయటపడ్డాయి. 1983లో, 81వ ఏట, నోబెల్ బహుమతి ఆవిడొక్కరికే ఇచ్చారు. ఆ దూకే ముక్కలనే ట్రాన్స్‌పోజాన్లంటారు.

"అది దూకితే రంగెందుకు పోతుంది?" అన్నారు నాన్న.

"మన కాలువ తూముకి రాయి అడ్డం పడిందనుకో నాన్నా, కింద పొలానికి నీళ్ళు పోవు. అట్లాగే ఆ ముక్క రంగు చేసే జన్యువులో పడితే గింజకి రంగు రాదు. గింజ పెరుగుతుండగా ఏదో ఒక కణంలో ఆ రాయి లేచిపోతే, ఆ కణం సంతానమంతా మళ్ళీ ఊదారంగే. ముందే లేస్తే పెద్ద మచ్చ, ఆలస్యంగా లేస్తే చిన్న చుక్క."

"మరి దీంతో మీకేం పని?"

"వేల జన్యువులున్నాయి. ఏది ఏం చేస్తుందో తెలియదు. ఆ రాయి ఆనవాలు మాకు తెలుసు కనుక అది ఎక్కడ పడిందో పట్టుకుంటాం. ఏ పొలం ఎండిందో చూస్తే, ఆ తూము దేనిదో తెలుస్తుంది."

నాన్న కాసేపు ఆలోచించి, "అంటే ఎండితే గాని తెలియదన్నమాట" అన్నారు.

1998 జూలైలో తమ్ముడు ఫోన్ చేశాడు, నాన్నకి గుండెనొప్పి వచ్చింది, ఆసుపత్రిలో చేర్చామని. మాకు పొలంలో పుప్పొడి పట్టే రోజులవి. సాయంత్రం మగపూతకి కాగితం సంచి తొడిగి, మర్నాడు పొద్దున పుప్పొడి దులిపి, ముందే సంచి కట్టి ఉంచిన కండె పీచు మీద చల్లాలి. ఆ రెండు వారాలు తప్పితే ఏడాది పోతుంది. కాస్త తేరుకున్నాక నాన్నే ఫోన్లో, "పంట వేళ పొలం వదలకూడదమ్మా, ముగించుకునే రా" అన్నారు. నాకు కావలసిన మాట అదే కనుక నమ్మాను. ఆయన తొమ్మిదో రోజున పోయారు. నా టిక్కెట్టు పదకొండో రోజుకి ఉంది. ఆ వేసవి పంటలో మేం వెతికే మొక్క దొరకనే లేదు. మరుసటి ఏడు దొరికింది.

అంతవరకూ నెలకి రెండు ఏరోగ్రాములు వచ్చేవి, నాన్న చేతిరాతతో. అందులో సగం అమ్మ మాటలే. స్వెట్టరు వేసుకుంటున్నావా అని మీ అమ్మ అడుగుతోంది, పిల్లవాడి చేత అక్షరాలు దిద్దించమంటోంది అని. అమ్మకి రాయడం రాదు. నాన్నతోనే ఉత్తరాలూ ఆగిపోయాయి. ఒకసారి ఫోన్లో, "ఇప్పుడు స్వెట్టరు సంగతి అడగవేంటమ్మా?" అన్నాను.

"నేనెప్పుడడిగానే? అక్కడి చలి నేను చూశానా? ఆయనే రాసుకునేవారు" అన్నది అమ్మ.

తొమ్మిదేళ్ళు అమ్మ పేరు మీద నన్ను కనిపెట్టుకున్నది ఆయన. ఉత్తరాలు ఆగితే గాని నాకు తెలియలేదు.

2009లో మొక్కజొన్న జన్యుక్రమం ప్రచురించినప్పుడు, అందులో సుమారు 85 శాతం ఈ ట్రాన్స్‌పోజాన్లేనని తేలింది. మనుషుల్లోనూ దాదాపు సగం ఇలాంటివీ వీటి అవశేషాలే. నాన్న వింటే "అయితే పొలమంతా రాళ్ళేనన్నమాట" అనేవారు.

ఇప్పుడు రిటైరయ్యాను. దీపావళికి మా గుమ్మానికి రెండు చుక్కల కండెలు కట్టి, కింద దీపం పెడతాను. మీరూ ఈసారి వాటిని దగ్గరగా చూసి పిల్లలకి చూపించండి. ఊళ్ళో పెద్దవాళ్ళున్నవారు ఒక్క ఫోన్ చేసి, మీ ఇంట్లో ఏ తూము ఎవరు చూస్తున్నారో ఇప్పుడే కనుక్కోండి.

అందరికీ దీపావళి శుభాకాంక్షలు.