అమ్మమ్మ పెరుగు వద్దన్న రోజు

గౌతమి ఎక్స్‌ప్రెస్ రాజమండ్రి చేరేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ప్లాట్‌ఫాం మీద టీ వాసనకి ప్రాణం లేచొచ్చింది. దగ్గరికెళ్ళి "పాలు లేకుండా ఇస్తారా?" అంటే, ఆయన నన్ను ఎగాదిగా చూసి "ఒంట్లో బాలేదాండీ?" అన్నాడు. ఈ మూడు రోజులూ ఎలా ఉండబోతున్నాయో అప్పుడే తెలిసిపోయింది.

మాది శాకాహారుల ఇల్లు. వంటింట్లోకి గుడ్డు కూడా రాదు. ఎనిమిది నెలల క్రితం నేను ఇంకో మెట్టెక్కి వీగన్ అయ్యా. అంటే పాలు, పెరుగు, నెయ్యి, పనీర్, చివరికి తేనె కూడా బంద్. అంతకుముందు ప్యాకెట్ మీద పచ్చ చుక్క కనిపిస్తే చాలనుకునేదాన్ని. ఆ చుక్కకి పాలపొడితో పేచీ లేదు కదా! ఇప్పుడు ప్యాకెట్ వెనక్కి తిప్పి చీమల్లాంటి అక్షరాలు చదవడం అలవాటైంది. హైదరాబాద్‌లో ఇదేం పెద్ద కష్టం కాదు. సోయా పాలు యాప్‌లో ఆర్డర్ పెడితే గుమ్మం దగ్గరకే వస్తాయి. ఇలా మారాక అమ్మమ్మ ఊరు వెళ్ళడం మాత్రం ఇదే మొదటిసారి.

కోటిపల్లి బస్టాండ్‌లో బస్సెక్కా. ధవళేశ్వరం బ్యారేజీ మీద చల్లగాలి, బొబ్బర్లంక దాటాక కాలవ గట్టు రోడ్డు, ఓ పక్క నీళ్ళు, ఇంకో పక్క కొబ్బరి చెట్లు. ఫోన్ తీయకుండా చూస్తూ కూర్చున్నా. నేను పాలు ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే ఈ దారినే చూపించాలి. చిన్నప్పుడు సెలవులకి వస్తే అమ్మమ్మ గేదె పాలు పితికేటప్పుడు నాకో డ్యూటీ ఉండేది. ముందు దూడని వదిలేవారు. అది నాలుగు గుక్కలు తాగగానే గేదె చేపేది. వెంటనే దూడని లాగేసి గుంజకి కట్టాలి. ఆ తాడు పట్టుకునేది నేనే. దూడ మెడ చాచి గింజుకుంటుంటే నవ్వేదాన్ని. ఈనితేనే పాలని, మగదూడ పుడితే దానికి ఇంట్లో పనేం ఉండదని నాకు తట్టడానికి బీటెక్ అయ్యాక ఆరేళ్ళు పట్టింది.

ఆత్రేయపురంలో దిగా. పూతరేకులు కొనకుండా అమ్మమ్మ ఇంటికి వెళ్ళిన రోజు లేదు. ఈ ఊరి పూతరేకుకి 2023లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఓ ఇంటి వసారాలో ఒకావిడ రేకులు తీస్తోంది. బోర్లించిన ప్రత్యేకమైన కుండ, దాని కింద మంట. పక్కన గిన్నెలో బియ్యప్పిండి జావ, అచ్చం పాలలా తెల్లగా. పల్చటి గుడ్డని అందులో ముంచి, వేడి కుండ మీద ఇలా పరిచి అలా లాగేస్తుంది. క్షణంలో రేకు లేచి వస్తుంది. కాగితం కంటే పల్చన, అవతల ఉన్న ఆవిడ వేళ్ళు కనిపించేంత. అందులో ఉన్నది బియ్యం, నీళ్ళు, అంతే. ఆ రేకు పక్కా వీగన్!

"నెయ్యి లేకుండా చుట్టిస్తారా అండీ?" అనడిగా.

ఆవిడ చెయ్యి ఆగింది. "ఆయ్, నెయ్యి లేకపోతే పంచదార దేన్ని పట్టుకుంటదమ్మా? మొత్తం రాలిపోద్ది. మీకసలు ఏం కావాలండీ?"

కరెక్టే. నెయ్యి రుచి కోసమే అనుకున్నా, కానీ అక్కడ అది జిగురు పని కూడా చేస్తోంది. చివరికి ఉత్తి రేకులు ఓ కట్ట కొనుక్కున్నా.

మధ్యాహ్నం అమ్మమ్మ అరిటాకు వేసింది. కందబచ్చలి కూర ఆవపెట్టి, గోంగూర పచ్చడి, ముద్దపప్పు, ఆవకాయ, చారు. ఒక్కోటీ చూస్తుంటే ఆశ్చర్యమేసింది. పోపులన్నీ నూనెతోనే, అన్నీ నేను తినేవే. మన భోజనంలో చిక్కంతా రెండు చివర్లలోనే ఉంది. మొదట నెయ్యి, ఆఖర్న పెరుగు. నెయ్యి దగ్గర "నువ్వులనూనె వేసుకుంటా" అని తప్పించుకున్నా. పెరుగు గిన్నెతో వచ్చేసరికి ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టా.

"జలుబా?"

"కాదమ్మమ్మా. మానేశా."

చెప్పా. దూడ గురించీ చెప్పా. బీ12 మొక్కల్లో దొరకదు కాబట్టి మాత్ర వేసుకుంటున్నానని కూడా చెప్పా. అది చెప్పకుండా ఉండాల్సింది.

"మాత్ర మింగి పెరుగు మానేశావా? నేనేమన్నా దాన్ని కొట్టానటే? దానికి కుడితి పెట్టాకే నేను కాఫీ తాగేది."

"మొన్న పుట్టిన మగదూడ ఏదమ్మమ్మా?"

గిన్నె కింద పెట్టింది. కాసేపు మాట్లాడలేదు. "బేరగాడు తీసుకెళ్ళాడు. మేపేదెవరు?" అని, ఇంకో నిమిషం ఆగి, "పాలకేంద్రంలో పోస్తే వచ్చే డబ్బుతోనేనే నా మందులు. మీ మావయ్యని చెయ్యి చాచి అడగను నేను" అంది.

దానికి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు. గచ్చిబౌలిలో జీతం తీసుకుంటూ సోయా పాలు తాగే నేను, డెబ్భై నాలుగేళ్ళ మనిషికి గేదెని అమ్మెయ్యమని చెప్పగలనా? మందులకి నేను పంపిస్తా అన్నా. "చూద్దాంలే" అంది. ఆ మాటకి అర్థం వద్దనే. ఆ పూట పెరుగన్నం తాను కూడా తినలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

సాయంత్రం పెరట్లో గేదె దగ్గర కూర్చున్నా. వంటింట్లోంచి కొబ్బరి కోరుతున్న చప్పుడు. కాసేపటికి బెల్లం పాకం వాసన. వెళ్ళి చూస్తే కొబ్బరి లౌజు తయారవుతోంది. "నెయ్యి వెయ్యలేదులే, మొహం అలా పెట్టకు" అని, నేను తెచ్చిన రేకు మీద తడిగుడ్డ అద్ది, వేడి తగ్గిన లౌజు పరిచి మడతపెట్టింది. మొదటిది చిరిగిపోయింది. రెండోది చెమ్మకి మెత్తబడి ముద్దయింది. మూడోది నిలబడింది. "దీన్ని పూతరేకని ఎవరితోనూ అనకు, పరువు పోద్ది" అంది. ఇద్దరం కలిసి ఎనిమిది తినేశాం.

ఆదివారం రాత్రి రైలెక్కాక బ్యాగ్ తెరిచా. ఆవకాయ డబ్బా, మిగిలిన రేకులు, వాటి కింద గుడ్డలో చుట్టిన నెయ్యి సీసా. వెంటనే ఫోన్ చేశా.

"నీకు కాదే, నీ రూమ్మేట్‌కి" అని పెట్టేసింది.